రెండు హిమాయత్‌నగర్‌లు, ఒక లొకేషన్ పిన్: మీ ఫోన్‌లో దాగున్న టైమ్ మెషిన్ కథ

ఫోన్ రివ్యూ రాసేటప్పుడు కెమెరాకి పది పేరాలు ఇస్తాం, బ్యాటరీకి ఐదు, డిస్‌ప్లేకి నాలుగు. జీపీఎస్‌కి మాత్రం చివర్లో ఒకే ఒక్క లైన్: "లొకేషన్ బాగానే పనిచేస్తోంది." నేనూ ఇన్నాళ్లూ అలాగే రాశాను. ఈసారి ఆ ఒక్క లైన్ గురించే మొత్తం ఆర్టికల్. ఎందుకో సగం చదివేసరికి మీకే అర్థమవుతుంది.

ముందు నా గురించి రెండు ముక్కలు. బీటెక్ అయ్యాక గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పగలు కోడ్ రాస్తాను, రాత్రిళ్లు ఓపికుంటే కథలు రాస్తాను. ఎక్కువగా సైన్స్ ఫిక్షన్. పూర్తయినవి మూడు, సగంలో ఆగినవి పదిహేను. అలా ఆగిపోయిన వాటిలో ఒకటి టైమ్ మెషిన్ కథ. హీరో మా ఊరి కుర్రాడే. వాళ్ల పశువుల కొట్టంలో మెషిన్ తయారుచేస్తాడు. 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌ని ముంచేసిన మూసీ వరద గురించి జనానికి ముందే చెప్పి కాపాడాలని బయల్దేరతాడు. మా ఊరి దగ్గర ఉన్న హిమాయత్‌సాగర్, ఆ పక్కన గండిపేట చెరువు, రెండూ కట్టించిందే ఆ వరద తర్వాత. అందుకే ఈ ఐడియా నాకు తెగ నచ్చేసింది.

నాలుగు పేజీలు రాశాక ఆగిపోయింది. హీరో మెషిన్‌లో తేదీ కొట్టాడు. సరే. మరి ఎక్కడ దిగాలో మెషిన్‌కి ఎవరు చెప్తారు?

సినిమాల్లో ఎవరూ అడగని ప్రశ్న

మన తెలుగువాళ్లకి టైమ్ మెషిన్ అంటే ముందుగా గుర్తొచ్చేది "ఆదిత్య 369". 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన సినిమా. బాలకృష్ణ అందులో ఒకసారి 1526కి, శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్తారు. తర్వాత 2504కి వెళ్తారు. నేను పుట్టకముందు వచ్చిన సినిమా అయినా టీవీలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చిన్నప్పుడు ఆ మెషినే చూశాను. కథ రాయడానికి కూర్చున్నాక మళ్లీ చూస్తే వేరే డౌట్ వచ్చింది. మెషిన్‌కి "ఎప్పుడు" అన్నది చెప్తున్నారు, బాగుంది. "ఎక్కడ" అన్నది ఎవరూ చెప్పరే?

ఇది చిన్న డౌట్ కాదు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. అంటే మీరు కదలకుండా కూర్చుని ఒక్క గంట వెనక్కి వెళ్లారనుకోండి. అప్పటి భూమి మీరున్న చోటికి లక్ష కిలోమీటర్ల అవతల ఉంటుంది. మీరు దిగేది ఖాళీ అంతరిక్షంలో. సినిమా కాబట్టి మనం పట్టించుకోం, పట్టించుకోనక్కర్లేదు కూడా.

మన ఫోన్ సరిగ్గా దీనికి రివర్స్‌లో పనిచేస్తుంది. "ఎక్కడ" అనేది కనుక్కోడానికి అది "ఎప్పుడు" అని అడుగుతుంది. అది చెప్పేముందు, నాకు ఈ విషయం ఇంత లోతుగా చదవాలని ఎందుకు అనిపించిందో చెప్పాలి.

ఆ రాత్రి ఏం జరిగిందంటే

మాది రంగారెడ్డి జిల్లా, మొయినాబాద్ మండలం, హిమాయత్‌నగర్. మెహదీపట్నం నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని, పోలీస్ అకాడమీ జంక్షన్ దాటి చేవెళ్ల వైపు వస్తే తగులుతుంది. చిలుకూరు బాలాజీ గుడి దగ్గరే. ఇదే పేరుతో సిటీ నడిబొడ్డున, నారాయణగూడకి, లిబర్టీకి పక్కనే ఇంకో హిమాయత్‌నగర్ ఉంది. "మీదెక్కడ?" అని కాలేజీలో ఎవరైనా అడిగితే "హిమాయత్‌నగర్" అనేవాడిని. "అబ్బో, సెంటర్‌లో ఉన్నార్రా" అనేవాళ్లు. నవ్వుకునేవాడిని. రెండింటి మధ్య పాతిక కిలోమీటర్ల పైనే దూరం.

పోయినేడాది వానాకాలం. నాన్న చుట్టాల పెళ్లికి ఊరెళ్లారు. ఇంట్లో అమ్మ, నానమ్మ. నేను ఆఫీసులో ఉన్నా, ఆ రోజు రిలీజ్ ఉంది. రాత్రి 10:40కి అమ్మ ఫోన్.

"బిడ్డా, నానమ్మ బాత్రూంల జారి పడ్డది. లేస్తలేదు. కాలు కదిలిస్తే కేక పెడుతుంది."

నేను చేసిన పని: ఫోన్‌లో అంబులెన్స్ బుక్ చేసే యాప్ తెరిచాను. అడ్రస్ దగ్గర "హిమాయత్‌నగర్" అని కొట్టాను. పైన వచ్చిన మొదటి పేరు నొక్కాను. డబ్బు కట్టేశాను. మొత్తం నిమిషంన్నర. బైక్ తీసి బయల్దేరాను. దారి పొడవునా, టెక్నాలజీ తెలిసినవాడు ఇంట్లో ఒకడుంటే ఇలా ఉంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

పోలీస్ అకాడమీ జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి డ్రైవర్ ఫోన్ చేశాడు. టైమ్ 11:15.

"అన్నా, హిమాయత్‌నగర్ వచ్చిన. లిబర్టీ తాన ఉన్న. ఏ గల్లీ?"

నాకు కాసేపు మాట రాలేదు. అక్కడి నుంచి మా ఊరు రావాలంటే ఆయనకి ఇంకో ముప్పావు గంట.

చివరికి పక్కింటి బాబాయి కూరగాయలు వేసుకెళ్లే ట్రాలీ ఆటో తీశాడు. వెనక పరుపు వేసి, నలుగురు పట్టి నానమ్మని పడుకోబెట్టారు. అమ్మ పక్కన కూర్చుని గొడుగు పట్టింది. తుంటి ఎముక విరిగిందని హాస్పిటల్లో తేలింది. ఎముక విరిగిన 74 ఏళ్ల మనిషిని గుంతల రోడ్డు మీద ట్రాలీ ఆటోలో తెచ్చామని చెప్తే డాక్టర్ ఏమీ అనలేదు, నా మొహం వంక చూశారంతే. ఆపరేషన్ అయింది. నాలుగు నెలలు వాకర్ పట్టుకుని నడిచింది. ఇప్పుడు బాగానే ఉంది.

"ఒకే ఒక జీవితం" సినిమాలో శర్వానంద్ అమ్మని కాపాడుకోడానికి టైమ్ మెషిన్ ఎక్కుతాడు. ఆ రాత్రి నాకు అంత కూడా అక్కర్లేదు. ఒక్క 35 నిమిషాలు వెనక్కి వెళ్తే చాలు.

తప్పు డ్రైవర్‌ది కాదు, ఫోన్‌ది కూడా కాదు. నాది. ఫోన్ అసలు ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో నాకు సరిగ్గా తెలియకపోవడం వల్ల జరిగింది. అందుకే ఆ తర్వాత కూర్చుని చదివాను.

ఫోన్ అడిగేది ఒక్కటే: "ఇప్పుడు టైమ్ ఎంత?"

జీపీఎస్ అంటే చాలామంది అనుకునేది, పైనుంచి శాటిలైట్ మనల్ని చూస్తుంది, మనం ఎక్కడున్నామో చెప్తుంది అని. కాదు. శాటిలైట్‌కి మీరున్నారనే సంగతి కూడా తెలీదు. అది దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, రేడియోలాగా ఒకటే మాట చెప్తూ ఉంటుంది: "నేను ఫలానా చోట ఉన్నాను, నా గడియారంలో టైమ్ ఇంత." మీ ఫోన్ చేసేది వినడమే. తిరిగి ఏమీ పంపదు. అందుకే జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు. డేటా కావాల్సింది మ్యాప్ బొమ్మ తెచ్చుకోడానికి.

వానాకాలంలో మెరుపు మెరిశాక ఉరుము వినపడేదాకా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాళ్లం గుర్తుందా? మూడు సెకన్లకి ఒక కిలోమీటర్ చొప్పున పిడుగు ఎంత దూరంలో పడిందో తెలిసిపోయేది. ఫోన్ చేసేది కూడా అదే. శాటిలైట్ సిగ్నల్ ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది, ఆ తేడాని కాంతి వేగంతో గుణిస్తే దూరం. కాకపోతే ఇక్కడ తేడా సెకన్లలో ఉండదు. అంత ఎత్తు నుంచి సిగ్నల్ రావడానికి పట్టేది 0.07 సెకను చుట్టుపక్కల.

మూడు శాటిలైట్ల నుంచి దూరం తెలిస్తే మీరు ఎక్కడున్నారో తేలిపోవాలి. కానీ మీ ఫోన్‌లో ఉన్నది చవక గడియారం. టైమ్‌లో సెకనులో పదిలక్షల వంతు తప్పు వస్తే దూరంలో 300 మీటర్లు తప్పు వస్తుంది. అందుకని నాలుగో శాటిలైట్ కావాలి. నాలుగు సిగ్నల్స్ కలిపి లెక్క వేస్తే మీ స్థానంతో పాటు మీ ఫోన్ గడియారంలో ఉన్న తప్పు కూడా తెలిసిపోతుంది.

ఇంటర్‌స్టెల్లార్ మీ జేబులోనే ఉంది

"ఇంటర్‌స్టెల్లార్"లో బ్లాక్‌హోల్ పక్కనున్న గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమి మీద ఏడేళ్లు గడిచిపోతాయి. 2025 ఫిబ్రవరిలో ఆ సినిమా మళ్లీ థియేటర్లలోకి వచ్చినప్పుడు మా ఫ్రెండ్స్ అందరం వెళ్లాం. బయటికొచ్చాక ఒకడు అన్నాడు, "సినిమా కాబట్టి సరిపోయింది, నిజంగా ఇలా అవుతుందా?" అని. అవుతుంది. అవుతుందని రోజూ నిరూపించేది వాడు ఇంటికెళ్లడానికి వాడిన మ్యాప్.

ఐన్‌స్టీన్ చెప్పింది రెండు మాటల్లో ఇది. వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. గురుత్వాకర్షణ తక్కువున్న చోట గడియారం వేగంగా నడుస్తుంది. జీపీఎస్ శాటిలైట్ గంటకి దాదాపు 14,000 కిలోమీటర్ల వేగంతో పోతోంది కాబట్టి దాని గడియారం రోజుకి 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. అంత ఎత్తులో భూమి లాగుడు తక్కువ కాబట్టి రోజుకి 45 మైక్రోసెకన్లు ముందుకి పోతుంది. రెండూ కలిపితే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందు. అంటే ఆ శాటిలైట్లు ప్రతిరోజూ మనకంటే కొంచెం భవిష్యత్తులోకి జరుగుతున్నాయి. అవి నిజమైన టైమ్ మెషిన్లు, కాకపోతే చాలా చిన్నవి. ప్రయోగానికి ముందే వాటి గడియారాలని ఆ మేరకు కాస్త నెమ్మదిగా నడిచేలా సెట్ చేసి పంపుతారు.

38 మైక్రోసెకన్లు ఎంత అనుకుంటున్నారా? కాంతి అంత సమయంలో 11 కిలోమీటర్లు దాటి వెళ్తుంది. ఈ సవరణ చెయ్యకుండా రెండు రోజుల మీద కాస్త వదిలేస్తే ఆ గడియారం తేడా సరిగ్గా మా రెండు హిమాయత్‌నగర్‌ల మధ్య దూరమంత అవుతుంది. ఇది లెక్క వేసిన రోజు కాసేపు అలా కూర్చుండిపోయాను. ఆ తప్పు రాకుండా సైంటిస్టులు సాపేక్ష సిద్ధాంతాన్ని కూడా లెక్కలో కలిపారు. నేను ఒక్క వేలితో నొక్కి అదే తప్పు చేశాను.

గడియారం ఆగితే దారి పోతుంది

గడియారమే అసలు ప్రాణం అనడానికి మన ఇస్రో కథే ఉదాహరణ. 2013 జూలైలో శ్రీహరికోట నుంచి మన సొంత నావిగేషన్ వ్యవస్థ, ఇప్పుడు నావిక్ అంటున్నాం కదా, దాని మొదటి శాటిలైట్ వెళ్లింది. అందులో విదేశాల నుంచి తెప్పించిన మూడు రుబీడియం పరమాణు గడియారాలున్నాయి. కొన్నేళ్లకి మూడూ పాడయ్యాయి. శాటిలైట్ పైనే ఉంది, కానీ స్థానం చెప్పే పనికి పనికిరాకుండా పోయింది. దాని బదులు 2017 ఆగస్టులో పంపినది హీట్ షీల్డ్ విడిపోక లోపలే చిక్కుకుపోయింది. 2018 ఏప్రిల్‌లో ఇంకోటి పంపాల్సి వచ్చింది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మొదటిసారి మన దేశంలోనే తయారుచేసిన రుబీడియం గడియారం పెట్టారు.

మరి తప్పు ఎక్కడ జరిగింది?

శాటిలైట్, గడియారం, ఐన్‌స్టీన్ అందరూ వాళ్ల పని సరిగ్గానే చేశారు. ఆ రాత్రి నా ఫోన్‌కి నేను గచ్చిబౌలిలో ఉన్నానని కచ్చితంగా తెలుసు. అమ్మ ఫోన్‌కి తను ఏ ఇంట్లో ఉందో కొన్ని మీటర్ల తేడాతో తెలుసు. కానీ అమ్మ ఫోన్‌ని ఎవరూ అడగలేదు. నేను అడిగింది నా ఫోన్‌ని, అదీ ఒక పేరు కొట్టి.

పేరు ఇచ్చి అక్షాంశ రేఖాంశాలు తెచ్చుకోవడం పూర్తిగా వేరే పని. దాన్ని జియోకోడింగ్ అంటారు. అక్కడ శాటిలైట్లు ఉండవు, ఒక పెద్ద పేర్ల జాబితా ఉంటుంది. ఒకే పేరుతో రెండు చోట్లుంటే ఎక్కువమంది వెతికేది పైకి రావడం సహజం. సిటీ హిమాయత్‌నగర్ ముందు మా ఊరు ఎక్కడ నిలబడుతుంది?

"కల్కి 2898 ఏడీ"లో కాశీ ఒకటే, కాంప్లెక్స్ ఒకటే, శంబల ఒకటే. భైరవ చెప్తే బుజ్జి ఎక్కడికైనా తీసుకెళ్తుంది. మన దగ్గర అలా కాదు. కొత్తపల్లిలు ఎన్ని, వెంకటాపురాలు ఎన్ని, రామాపురాలు ఎన్ని! మన పెద్దవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే మా నానమ్మ ఎప్పుడూ ఉత్త హిమాయత్‌నగర్ అనదు, "చిలుకూరు బాలాజీ గుడి కాడ హిమాయత్‌నగర్" అంటుంది. 1972 ఆగస్టు 15న పోస్టల్ పిన్ కోడ్ తెచ్చిన కారణాల్లో ఈ ఒకే పేరు గోల కూడా ఒకటి. సిటీ హిమాయత్‌నగర్‌కి 500029 అని ఆరు అంకెలుంటే ఇంకెక్కడికీ పోదు. 2005లో హైదరాబాద్‌లోనే మొదలైన 108కి ఫోన్ చేసి ఊరి పేరు చెప్తే, ఏ మండలం అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి ఉంటే సరిపోయేది. నేను మనిషిని వదిలి యాప్ దగ్గరికి వెళ్లాను, యాప్ అడగలేదు.

పేరు లేని అడ్రస్: డిజిపిన్

తపాలా శాఖ 2025 మేలో డిజిపిన్ అని ఒకటి తెచ్చింది. ఇందులో ఐఐటీ హైదరాబాద్, మన బాలానగర్‌లో ఉన్న నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కలిసి పనిచేశాయి. లెక్క చాలా సింపుల్. దేశం మొత్తం పట్టేలా ఒక పెద్ద గడి గీస్తారు, అటూ ఇటూ 36 డిగ్రీలు. దాన్ని 4 అడ్డం, 4 నిలువు చొప్పున 16 గళ్లు చేస్తారు. ఒక్కో గడికి ఒక అక్షరమో అంకెనో. మీ ఇల్లున్న గడిని మళ్లీ 16 చేస్తారు. ఇలా పదిసార్లు. చివరికి మిగిలే గడి సుమారు 4 మీటర్లు, అంటే మీ గేటు ముందు స్థలమంత. పది అక్షరాల కోడ్ మీ గేటుది. అందులో ఊరి పేరు లేదు, మీ పేరూ లేదు. రెండు హిమాయత్‌నగర్‌ల కోడ్‌లు కలిసే ఛాన్సే లేదు. గూగుల్ మ్యాప్స్‌లో ఉండే ప్లస్ కోడ్ కూడా ఇలాంటి ఆలోచనే. దాన్ని క్యాబ్, డెలివరీ వాళ్లకి పంపడం ప్రస్తుతానికి ఇంకా తేలిక.

ఇవాళే చేసి పెట్టుకోండి

1. గేటు ముందు నిలబడి మ్యాప్స్‌లో మీ నీలం చుక్క మీద కాసేపు నొక్కి పట్టుకోండి. పిన్ పడుతుంది. "ఇల్లు" అని సేవ్ చేసి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పంపి ఉంచండి.

2. ఇంట్లో పెద్దవాళ్లకి వాట్సాప్‌లో కరెంట్ లొకేషన్ పంపడం నేర్పండి. ఒకసారి చెప్తే రాదు, మూడు నాలుగుసార్లు వాళ్ల చేతే చేయించండి. పంపేముందు ఎన్ని మీటర్ల కచ్చితత్వమో అక్కడే కనిపిస్తుంది. 20 లోపు ఉంటే చాలు.

3. మీరు ఒకచోట ఉండి ఇంకొకరి కోసం బండి బుక్ చేస్తుంటే పేరు కొట్టొద్దు, సేవ్ చేసిన పిన్ ఇవ్వండి. నొక్కేముందు మ్యాప్ ఒకసారి చూడండి. ఆ రాత్రి నేను చూసి ఉంటే పిన్ నారాయణగూడ పక్కన కనిపించేది.

4. ప్రాణం మీదికొస్తే ముందు 108. ఊరు, మండలం, జిల్లా, దగ్గర్లో గుర్తు, ఇదే వరసలో చెప్పండి.

5. ఈ నాలుగూ, డిజిపిన్ కూడా కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించండి. కంగారులో సొంత అడ్రస్ కూడా మర్చిపోతాం.

6. కొత్త ఫోన్ కొంటుంటే స్పెసిఫికేషన్లలో ఎల్1+ఎల్5 ఉందేమో చూడండి. రెండు ఫ్రీక్వెన్సీలు వింటే, బిల్డింగులకి తగిలి తిరిగొచ్చే సిగ్నల్స్‌తో వచ్చే తప్పు తగ్గుతుంది. 2018లో షావోమీ ఎంఐ 8తో మొదలైన ఈ ఫీచర్ సిటీ గల్లీల్లో తేడా చూపిస్తుంది. మా ఊరిలాంటి ఖాళీ ఆకాశం కింద మామూలు ఫోన్ అయినా పర్లేదు. ఇకమీదట రివ్యూల్లో దీనికి ఒక పేరా ఇస్తానని మాటిస్తున్నాను.

ఆగిపోయిన కథ సంగతి

మళ్లీ మొదలుపెట్టాను. హీరో మెషిన్‌కి రెండో డయల్ పెట్టాడు, "ఎక్కడ" అని. 1908లో హిమాయత్‌సాగర్ అని కొడితే మెషిన్‌కి ఏమీ దొరకదు. చెరువు పూర్తయింది 1927లో. అది ఏ హిమాయత్ అలీ ఖాన్ పేరు మీద ఉందో, ఆయనకి 1908లో ఏడాది వయసు. కాబట్టి పేర్లతో లాభం లేదు, అక్షాంశ రేఖాంశాలే ఇవ్వాలి. దాంట్లోనూ ఒక తిరకాసుంది. మన దేశం ఉన్న భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతోంది. 1908 నుంచి ఇప్పటికి దాదాపు ఆరు మీటర్లు. హీరో కొట్టంలో దిగాల్సినవాడు పక్కింటి వాకిట్లో దిగుతాడు. ఆ మాత్రం తప్పు నేను సర్దుకుంటాను.

మా ఇంట్లో గోడ మీద కాగితం ఉంది. నానమ్మకి చదువు రాదు. ఎవరైనా దారి అడగడానికి ఫోన్ చేస్తే మాత్రం "ఆగు బిడ్డా, గోడ మీదుంది" అని అమ్మని పిలుస్తుంది. ఫోన్ పెట్టేసే ముందు తన వంతుగా ఒకసారి చెప్తుంది: "చిలుకూరు బాలాజీ గుడి కాడ హిమాయత్‌నగర్. పట్నం దానికి పోకు."